క్రిస్మస్‌కు చేత్తో కుట్టి ఇచ్చే కానుకలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా చర్చి స్త్రీల సమాజం వాళ్లం ఏటా దసరా ముందు కుట్టుపని మొదలుపెడతాం. గుణుపురం, రాయగడ, జయపురం వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాల ఆడపడుచులు, ఈ మధ్య కొందరు మగపిల్లలు కూడా, ఆ నెలల్లో అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. వాటికి నేను చెబుతూ వచ్చిన జవాబులను ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నాను. కొత్తగా కుట్టు నేర్చుకున్నవారిని దృష్టిలో పెట్టుకుని రాశాను కాబట్టి, అనుభవం ఉన్నవారికి కొన్ని విషయాలు తెలిసినవే అనిపించవచ్చు.

డిసెంబరు 25 నాటికి పని పూర్తి కావాలంటే ఎప్పుడు మొదలుపెట్టాలి?

సెప్టెంబరు చివరికల్లా బట్ట కొని, ఉతికి, ఆరబెట్టి ఉంచుకోవాలి. దసరా సెలవుల్లో కత్తిరింపు, నవంబరులో మిషన్ పని ముగించుకుని, డిసెంబరును గుండీలకు, అంచు కుట్లకు, పేర్లు కుట్టడానికి వదిలిపెట్టడం మా పద్ధతి. ఆగమన కాలపు (క్రిస్మస్‌కు ముందు సిద్ధపడే వారాల) మొదటి ఆదివారం నవంబరు 27కు, డిసెంబరు 3కు మధ్యలో వస్తుంది. ఆ ఆదివారం నాటికి మిషన్‌కు గుడ్డ కప్పేయగలిగితే మీరు నెగ్గినట్లే. ఆ తరువాత రాత్రిళ్లు క్యారల్స్ తిరగడం, స్టార్లు కట్టడం, అరిసెల పిండి కొట్టించడం మొదలవుతాయి, మిషన్ దగ్గర కూర్చునే తీరిక ఎవరికీ దొరకదు.

మన ప్రాంతంలో ఇంకొక కారణం కూడా ఉంది. 2013లో ఫైలిన్ తుఫాను అక్టోబరు 12న గోపాలపురం దగ్గర, 2014లో హుద్‌హుద్ అదే అక్టోబరు 12న విశాఖ దగ్గర, 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీ మా గజపతి జిల్లాను ఎంతగా దెబ్బతీసిందో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. తుఫాను వచ్చిన వారంలో ఉతికిన బట్ట ఆరదు, కరెంటు ఉండదు. అందుకే మోటారు బిగించుకున్నవారు కూడా పాత కాలి మిషన్ బెల్టును పారవేయకుండా దాచుకోవాలని నేను పట్టుబట్టి చెబుతాను.

మా ఇంట్లో, బంధువుల్లో కలిపి ఇరవై మంది ఉన్నారు. అందరికీ కుట్టగలనా?

కుట్టలేరు. చేతిలో ఎన్ని సాయంత్రాలు ఉన్నాయో లెక్కపెట్టి, అందులో సగానికే పని పెట్టుకోండి. కొంచెం చేయి తిరిగినవారికి తలగడ గలేబుకు గంట, నాడా సంచికి గంటన్నర, బైబిల్ కవరుకు మొదటిసారి మూడు గంటలు పడతాయి. పసిబిడ్డ బొంతకు మాత్రం రెండు వారాల సాయంత్రాలు కేటాయించాలి. ఐదుగురికి నికరంగా కుట్టి, మిగతావారికి అరిసెలో కేకో పంపితే ఎవరూ నొచ్చుకోరు. ఇరవై మందికీ కుట్టాలని కూర్చుంటే చివరి పది సంచుల పట్టీలు జనవరిలోనే ఊడిపోతాయి.

ఎవరికి ఏమి కుడితే బాగుంటుంది?

ఈ ప్రశ్నకు నా జవాబు ఎప్పుడూ ఒక్కటే: ఆ మనిషి రోజూ ఏ వస్తువును చేత్తో పట్టుకుంటారో చూడండి. మా పెద్దత్త చర్చికి వెళ్లేటప్పుడు బైబిల్, పాటల పుస్తకం, కళ్లజోడు, కానుక కవరు, నలగకుండా మడిచిన చేతిరుమాలు అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో వేసుకుని వెళ్లేవారు. ఒక ఏడాది ఆ ఐదు వస్తువులనూ బల్లమీద పరిచి కొలిచి, కళ్లజోడుకు లోపల వేరే జేబు పెట్టి ఒక సంచి కుట్టి ఇచ్చాను. పట్టీ రెండుసార్లు మార్చాను గాని, ఆమె ఇప్పటికీ అదే సంచి వాడుతున్నారు. అంతకుముందు ఏడాది ఎంతో కష్టపడి పూసలు కుట్టి ఇచ్చిన బల్లగుడ్డ మాత్రం ఆమె బీరువా దాటి బయటికి రాలేదు.

వంటింట్లో ఎక్కువగా ఉండే వదినకు గిన్నెలు దించే గుడ్డలు, హాస్టల్లో చదివే తమ్ముడికి బట్టలు వేసుకునే నాడా సంచి, కొత్తగా తల్లైన మరదలికి బొంత, తాతయ్యకు ఫ్లానెల్ మెడగుడ్డ ఇస్తే వాడుకలోకి వస్తాయి. కొరాపుట్టు, జయపురం పీఠభూమి మీద, మహేంద్రగిరి చుట్టుపక్కల డిసెంబరు చలి తీరప్రాంతం వారికి అర్థమయ్యేది కాదు కనుక, అటువైపు బంధువులకు వెచ్చని వస్తువే ఇవ్వండి. బరంపురం వారికి అదే మెడగుడ్డ అంతగా ఉపయోగపడదు.

బట్ట ఏ రకం కొనాలి? ఇక్కడ దొరికే చేనేత పనికివస్తుందా?

మొదటి ప్రయత్నానికి మధ్యరకం మందం ఉన్న నూలు బట్టను మించినది లేదు. జారదు, ఇస్త్రీకి లొంగుతుంది, కుట్టు తప్పితే విప్పినా రంధ్రాలు కనిపించవు. సాటిన్, షిఫాన్ లాంటివి పండుగ కళతో మెరుస్తాయి గాని, కత్తెర కిందే జారిపోయి మనసు విరిచేస్తాయి.

చేనేత విషయానికి వస్తే మనం అదృష్టవంతులం. కొరాపుట్టు జిల్లా కోట్‌పాడ్‌లో మిర్గాన్ నేతగాళ్లు ఆల్ చెట్టు వేరుతో రంగువేసిన నూలుతో నేసే బట్టలు ముదురు ఎరుపు, గోధుమ రంగుల్లో ఉంటాయి. ఆ ఎరుపు, రంగు వేయని నూలు తెలుపు పక్కపక్కన ఉంటే క్రిస్మస్ కోసమే నేశారా అనిపిస్తుంది. సరిహద్దు అవతల శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు, వాలుగ చేప దవడ ఎముకతో దూది దువ్వి వడికిన నూలుతో నేసేది, చేతిరుమాళ్లకు, పసిపిల్లల జుబ్బాలకు శ్రేష్ఠం. బరంపురం పట్టు బాగా ఖరీదు కాబట్టి కొత్త చీరను కోయమని ఎవరికీ చెప్పను. చిరిగిన పట్టుచీర అంచు మాత్రం ఉంటే పారవేయవద్దు. బైబిల్ కవరుకు ముందువైపు రెండంగుళాల పట్టీగా వేస్తే అమ్మమ్మ చీర మళ్లీ చర్చికి వస్తుంది.

చేనేత బట్టను కత్తిరించిన వెంటనే అంచులు పోగులు పోతాయి. కత్తిరించకముందే గీత వెంట ఒక మిషన్ కుట్టు వేసి, ఆ కుట్టు పక్కన కత్తిరించండి. కుట్టుకు వదిలే బట్ట కూడా అర అంగుళం బదులు ముప్పావు అంగుళం ఉంచండి.

కొత్త బట్టను కత్తిరించే ముందు ఉతకడం తప్పనిసరా?

తప్పనిసరి. నూలు బట్ట మొదటి ఉతుకుకు నూటికి మూడు నుంచి ఐదు వంతులు కుదించుకుపోవడం మామూలే. అంటే మీటరుకు మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు తగ్గిపోతుంది. పైబట్ట కుదించుకుని లోపలి లైనింగ్ కుదించుకోకపోతే సంచి అడుగు ఉబ్బుతుంది, కవరు మూలలు వంకరపోతాయి.

రంగు సంగతి మరీ ముఖ్యం, ఈ పాఠం నేను నేర్చుకున్నది సిగ్గుపడే పద్ధతిలో. ఒక ఏడాది ఎర్ర నూలు బట్ట కొన్నాను. రంగు పోదని కొట్టులో గట్టిగా చెప్పారు. నమ్మి, ఉతకకుండానే తెల్లటి గలేబుల మీద ఆ ఎర్రబట్టతో నక్షత్రాలు అతికి కుట్టి, నాలుగు గలేబులు పెద్దమ్మకు ఇచ్చాను. జనవరి మొదటి చాకిరేవుకే నాలుగూ గులాబీ రంగులోకి మారిపోయాయి. ఆవిడ ఏమీ అనలేదు. తరువాత ఏడాది మాత్రం, "ఈసారి తెలుపు వద్దమ్మా" అన్నారు. అప్పటినుంచి ఎరుపు, మెరూన్, ముదురు నీలం బట్టలను విడివిడిగా ఉప్పునీళ్లలో నానబెట్టి ఉతికి, ఆఖరి జాడింపులో తెల్లగుడ్డ పీలికను వేసి చూస్తాను. పీలికకు రంగు అంటినంతసేపు జాడింపు ఆపకూడదు. ఉప్పు వేస్తే రంగు నిలిచిపోతుందని అందరూ అంటారు గాని, దానిమీద నాకు పూర్తి నమ్మకం లేదు. నా నమ్మకమంతా తెల్ల పీలిక మీదనే. మూడు జాడింపుల తరువాత కూడా అది ఎర్రబడుతుంటే ఆ బట్టను తెలుపు పక్కన పెట్టే ఆలోచన మానుకోండి.

బైబిల్ కవరు కొలతలు ఎలా తీసుకోవాలి? ప్రతిసారీ బిగుతుగా వస్తున్నది.

అందరూ చేసే పొరపాటు ఒక్కటే: పుస్తకాన్ని తెరిచి బల్లమీద పరిచి కొలుస్తారు. పుస్తకం మూసినప్పుడు వీపు చుట్టూ బట్ట ఎక్కువ కావాలి. తెరిచి కొలిచి కుట్టిన కవరు తెరిచినప్పుడు చక్కగా ఉండి, మూయబోతే అట్టలను వెనక్కి లాగుతుంది. కాబట్టి పుస్తకాన్ని మూసి, ముందు అట్ట చివర నుంచి వీపు మీదుగా వెనుక అట్ట చివర వరకు టేపును ఒంపి కొలవాలి. ఎవరికి ఇస్తున్నారో వారి బైబిల్‌నే కొలవండి, ఎందుకంటే రెండు ముద్రణలు ఒకే మందంలో ఉండవు. కానుక సంగతి ముందే తెలియకూడదనుకుంటే ఆరాధన ముగిశాక, వారు పక్కింటివారితో మాట్లాడుతున్నప్పుడు, నూలుపోగుతో కొలిచి ముడి వేసుకోండి. నేను చాలాసార్లు అలాగే చేశాను.

ఒక లెక్క చూద్దాం. పుస్తకం ఎత్తు 8.5 అంగుళాలు, అట్ట వెడల్పు 5.5, మందం 1.5 అనుకుందాం. చుట్టూ కొలత 12.5 అంగుళాలు వస్తుంది. అట్టలు దూరే లోపలి మడతలకు ఒక్కో వైపు 2.5 చొప్పున 5 కలపండి. వదులుకు పావు అంగుళం, రెండు చివర్ల కుట్టుకు 1 అంగుళం కలిపితే పొడవు 18.75 అంగుళాలు అవుతుంది. ఎత్తుకు మాత్రం వదులు అర అంగుళం ఉండాలి, ఎందుకంటే చివరలో అంచుమీద వేసే పైకుట్టు కొంత చోటు తినేస్తుంది. 8.5కు అర, కుట్టుకు 1 కలిపితే 10 అంగుళాలు. ఇదే కొలతతో పైబట్ట ఒకటి, లైనింగ్ ఒకటి కత్తిరించాలి.

రెండింటినీ మంచివైపులు లోపలికి ఉండేలా ఒకదానిమీద ఒకటి పెట్టి, పొట్టి అంచు ఒకదానిలో నాలుగు అంగుళాలు వదిలి, చుట్టూ అర అంగుళం లోపలికి కుట్టండి. మూలలను ఏటవాలుగా కత్తిరించి, కుట్టుకు వదిలిన బట్టను పావు అంగుళం వరకు తగ్గించి, వదిలిన సందులోంచి తిరగేయండి. మూలలను పొడవడానికి కత్తెర మొన వాడవద్దు, వెదురు పుల్ల చాలు. ఇస్త్రీ చేసి, రెండు పొట్టి అంచులమీద పైకుట్టు వేస్తే ఆ సందు కూడా మూసుకుపోతుంది. ఇప్పుడు రెండు చివరలనూ 2.5 అంగుళాలు లైనింగ్ వైపుకు మడిచి, గుండుసూదులు పెట్టి, కుట్టేముందు ఒకసారి పుస్తకాన్ని తొడిగి మూసి చూడండి. ఈ ఒక్క నిమిషం చాలామంది దాటవేస్తారు. సరిపోయిందనుకున్నాక పైఅంచు, కింది అంచు పొడవునా అంచుకు ఆనుకుని కుట్టు వేయండి. మడతల దగ్గర నాలుగు పొరలు వస్తాయి కనుక అక్కడ చక్రాన్ని చేత్తో తిప్పుతూ వెళ్లాలి, లేకపోతే సూది విరుగుతుంది.

గట్టి అట్ట బైబిళ్లకు లోపలి మడత 2.5 అంగుళాలు మించితే తొడిగేటప్పుడు అట్టను బాగా వెనక్కి వంచాల్సి వచ్చి వీపు పగులుతుంది. మెత్తటి తోలు అట్టకు ఆ భయం లేదు. జిప్పు ఉన్న బైబిల్‌కు కవరు కుట్టవద్దు, సంచి కుట్టండి.

మిషన్ లేదు. చేత్తో కుట్టినవి నిలుస్తాయా?

నిలుస్తాయి. చిన్న వెనుక కుట్టు, అంటే సూదిని ముందుకు తీసి మళ్లీ సగం వెనక్కి పొడిచే కుట్టు, బలంలో మిషన్ కుట్టుకు తీసిపోదు. సంచి పట్టీలకు, అడుగుకు ఇదే వేయాలి. దారాన్ని మోచేతి పొడవుకు మించి తీసుకోవద్దు, పొడవైన దారం ముడులు పడుతుంది. దారానికి ఒకసారి కొవ్వొత్తి మైనం రుద్దితే మెలికలు తిరగదు.

మిషన్ మీద దారం మాటిమాటికి తెగుతోంది, కింద ఉచ్చులు పడుతున్నాయి. ఏమి చేయాలి?

బాగుచేసేవాడిని పిలిచే ముందు సూది మార్చండి. సన్నని ఖద్దరుకు 11, మామూలు నూలుకు 14, నాలుగు పొరలకు 16, జీన్స్ గుడ్డకు 18 నంబరు సూది వేయాలి. ఏడాదంతా ఒకే సూదితో లాగేవారి మిషన్‌ను చూసి జాలిపడాలి. ఎనిమిది గంటల పని తరువాత సూది మొన మొద్దుబారుతుంది. కొత్త సూదిని పైకి ఆనేంతవరకు తోసి బిగించండి, దాని చదునైన వైపు ఏ దిక్కుకు ఉండాలో మీ మిషన్‌నుబట్టి సరిచూసుకోండి.

బట్ట అడుగున ఉచ్చులు కనిపిస్తే పైదారం వదులైనట్లు. బాబిన్ దారం చుక్కలుగా పైకి కనిపిస్తే పైదారం బిగుసుకున్నట్లు. ముందు ప్రెషర్ ఫుట్ పైకెత్తి, పైదారాన్ని మొదటి నుంచి మళ్లీ ఎక్కించండి. సగం రోగాలు దానితోనే పోతాయి. కొబ్బరినూనె పోయవద్దు, అది లోపల జిగురుగా గడ్డకడుతుంది, చలికాలంలో మరీను. మిషన్ నూనె వేసిన తరువాత కూడా తెల్లబట్ట పెట్టే ముందు పీలిక మీద పది నిమిషాలు కుట్టి, నూనె మరక రాదని రూఢి చేసుకోవాలి.

పాత చీరలతో పసిబిడ్డకు బొంత ఎలా కుట్టాలి?

మెత్తబడిన నూలుచీర ఒక్కటి చాలు. ఐదున్నర మీటర్ల చీరను ఐదు సమాన ముక్కలు చేస్తే ఒక్కొక్కటి 1.1 మీటరు వస్తుంది, చీర పన్నా కూడా దాదాపు అంతే కాబట్టి చతురస్రాలుగా కుదురుతాయి. కత్తిరించే ముందు చీరను కిటికీకి ఎదురుగా పట్టుకుని వెలుతురులో చూడండి. కుచ్చిళ్లు దోపే చోట, పాదాల దగ్గర కింది అంచున నేత పలచబడి జల్లెడలా కనిపిస్తుంది. పమిట వైపు, వీపు వైపు గట్టిగా ఉంటుంది. గట్టి ముక్కలు పైకి, అడుగుకు వేసి, పలచబడినవి మధ్యలో పొరలుగా పెట్టాలి. వేసవిలో పుట్టిన బిడ్డకైతే నాలుగు పొరలు, చలికి ఐదు.

నేలమీద చాప పరిచి, పొరలను ఒక్కొక్కటిగా ముడుతలు లేకుండా సాపు చేస్తూ వేసి, ముందుగా చేయి వెడల్పు ఎడంతో పచ్చికుట్లు (తరువాత తీసేసే వదులు కుట్లు) వేయండి. అసలు కుట్టును నడిమధ్య నుంచి అంచులకు తీసుకెళ్లాలి. అంచు నుంచి లోపలికి వస్తే మధ్యలో బట్ట పోగై బుడగ లేస్తుంది, దానికి విప్పడం తప్ప వేరే మందు లేదు. కుట్టు వరుసల మధ్య ఒకటిన్నర అంగుళం మించకపోతే ఎన్ని ఉతుకులకైనా పొరలు జరగవు. పాలియెస్టర్ చీర కలపవద్దు, బిడ్డకు చెమట పీల్చదు. చివరి మాటగా, ఆ చీర ఎవరిదో బిడ్డ తల్లికి చెప్పండి. మా వాడలో చనిపోయిన నాయనమ్మ చీరతో కుట్టిన బొంత ఒకటి ఇప్పుడు మూడో బిడ్డకు వాడుతున్నారు.

వేడి గిన్నెలు దించే గుడ్డలకు ఏ బట్ట వాడాలి?

నూలు మాత్రమే, దారంతో సహా. పాలియెస్టర్ వేడికి కరిగి చేతికి అంటుకుంటుంది. ఎనిమిది అంగుళాల చతురస్రాలు పైకి ఒకటి, అడుగుకు ఒకటి పెట్టి, మధ్యలో పాత తువ్వాలు మూడు పొరలు వేసి, ఏటవాలు గీతలుగా కుట్టండి. జాలరు అంచులు కుట్టవద్దు, పొయ్యి మంట వాటిని అందుకుంటుంది. గుడ్డ తడిగా ఉన్నప్పుడు పట్టుకుంటే వేడి చురుక్కున చేతికి దిగుతుందని కానుకతోపాటు చెప్పాలి.

పిల్లలకు గుడ్డబొమ్మలు కుట్టేటప్పుడు జాగ్రత్తలు ఏమిటి?

మూడేళ్లలోపు పిల్లల బొమ్మకు గుండీ కళ్లు, పూసలు, మువ్వలు పెట్టకూడదు. ఊడితే నోట్లోకే వెళతాయి. కళ్లు, నోరు దారంతో కుట్టండి. బొమ్మకు జానెడు కన్నా పొడవైన తాడు కట్టవద్దు. లోపల కూరడానికి బూరుగు దూది మన కొండల్లో దొరుకుతుంది, చేతికి ఎంతో తేలికగా ఉంటుంది, కానీ నీళ్లలో ఉతికితే గడ్డలు కడుతుంది. చొంగ కార్చే వయసు బిడ్డకు అంగడిలో అమ్మే పాలియెస్టర్ కూరుడే మేలు. ఇక్కడ మాత్రం నేను సహజమైనదాని పక్షం వహించను.

పేరు తెలుగులో కుట్టాలా, ఒడియాలో కుట్టాలా?

మన ఇళ్లకే ప్రత్యేకమైన ప్రశ్న ఇది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీలో ఊరుతోపాటు కొంత భాగం ఇటు వచ్చింది, మిగిలినది మద్రాసులోనే ఉండిపోయింది. అప్పటినుంచి ఒకే కుటుంబంలో అక్కచెల్లెళ్లు రెండు లిపులు చదివేవారయ్యారు. ఇంట్లో తెలుగు మాట్లాడే మనవలు బడిలో ఒడియా నేర్చుకుంటున్నారు. వారికి అమ్మమ్మ కుట్టిన తెలుగు పేరు బొమ్మలాగే కనిపిస్తుంది. నా సలహా ఇది: పుచ్చుకునేవారు రోజూ చదివే లిపిలో పేరు కుట్టండి, మీ లిపిలో మీ పేరును వెనుకవైపు చిన్నగా కుట్టండి. సవర స్నేహితులకు ఇస్తున్నట్లయితే అడిగి తెలుసుకోండి. 1936లోనే మంగై గొమాంగో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపిని వాడేవారున్నారు, రోమన్ లిపిలో బైబిల్ చదివేవారున్నారు.

కుట్టు సంగతి చెప్పాలంటే, మన అక్షరాలూ ఒడియా అక్షరాలూ గుండ్రనివే కావడం కుట్టేవారికి కష్టమూ, అందమూ కూడా. నిలువు గీతల లిపులకు పనికివచ్చే పొడుగు కుట్లు ఇక్కడ వంపులను విరిచేస్తాయి. కాడ కుట్టుకు గాని గొలుసు కుట్టుకు గాని ఒక్కో కుట్టును బియ్యపుగింజలో సగానికి మించనీయవద్దు. 'అమ్మ' అని కుట్టాలంటే ముందు పెద్ద వంపులన్నీ ఒకే దారంతో పూర్తి చేసి, తలకట్టును చివరలో విడిగా రెండు కుట్లతో వేయండి. తలకట్టుతో మొదలుపెట్టి కిందికి దిగితే అక్షరం ఒక పక్కకు ఒరుగుతుంది. కింద వచ్చే మవత్తుకు అర అంగుళం చోటు వదలడం మరిచిపోయి, అంచు కుట్టులో దాన్ని ముంచేసినవారిని నేను ఎందరినో చూశాను.

సవర బొమ్మలను చూసి సంచిమీద కుట్టవచ్చా? డోంగ్రియా శాలువాతో సంచి చేయవచ్చా?

శాలువాను కోయవద్దు. నియమగిరి కొండల డోంగ్రియా కోందు స్త్రీలు ఒక్కో శాలువామీద నెలల తరబడి సూదితో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలు పొదుగుతారు. కపడగండా అనే ఆ శాలువాకు, లాంజియా సవర చిత్రకళకు 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. శాలువాను వారి దగ్గరే కొని, దానిని దానిగానే ఇవ్వండి, అంతకన్నా గొప్ప కానుక ఉండదు. సవర గోడచిత్రాలు వారి దేవతలకు, పితరులకు సంబంధించిన పూజలో భాగం. వాటిలోని మనిషి బొమ్మలను పండుగ అలంకారంగా మన సంచిమీదికి దించడం నాకు నచ్చదు, అమ్మకానికైతే అసలే కూడదు. నక్షత్రం, పశువుల పాక, గొర్రెపిల్ల, మన గుమ్మాల ముందు ముగ్గు చుక్కలు ఉండగా ఇంకొకరి ఇంటి గోడ మనకెందుకు?

హిందువులైన ఇరుగుపొరుగుకు ఏమి ఇవ్వాలి?

డిసెంబరు రోజుల్లో ఒడియా ఇళ్లలో మార్గశిర గురువారాల లక్ష్మీపూజ, మాణబస, జరుగుతుంటుంది. వాకిలంతా బియ్యప్పిండి ముగ్గులు, చిన్న చిన్న పాదాల గుర్తులు కనిపిస్తాయి. ఆ ఇంటికి సిలువ గుర్తు లేని, పనికివచ్చే వస్తువు ఇవ్వండి: బియ్యం సంచి, గిన్నెల గుడ్డలు, నాడా సంచి. వారి పండుగ పిఠాలు (పిండివంటలు) మీ ఇంటికి వచ్చిన గిన్నెను ఆ సంచిలోనే పెట్టి తిరిగి పంపితే మరీ బాగుంటుంది.

మిగిలిన పీలికలను ఏమి చేయాలి?

చెట్టుకు కట్టే నక్షత్రాలు, గలేబుల అంచు పట్టీలు చేయవచ్చు. మరీ చిన్నవాటిని సన్నగా కత్తిరించి సూదిబుట్టలో కూరండి. గుమ్మానికి కట్టే స్టారు లోపల బల్బు పెడతారు కనుక, ఆ స్టారుకు గుడ్డ వాడేవారు వేడెక్కని ఎల్ఈడీ బల్బే పెట్టాలి.

దూరపు బంధువులకు పోస్టులో ఎలా పంపాలి?

గుడ్డ వస్తువులకు పగిలే భయం లేదు, తడిసే భయమే. ముందు ప్లాస్టిక్ కవరులో పెట్టి, తరువాత పైకవరు వేయండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి పాత అలవాటుతో అడిగి తికమకపడవద్దు. డిసెంబరు 12 దాటకుండా పంపితే మనసు నిమ్మళంగా ఉంటుంది. మా అమ్మ కాలంలో పార్సిలును తెల్లగుడ్డలో కుట్టి, లక్క ముద్రలు వేసి, చిరునామా సిరాతో రాసేవారు. ఆ గుడ్డను కూడా అవతలివారు ఉతికి చేతిగుడ్డగా వాడుకునేవారు. రంగుకాగితానికి బదులు మీరూ ఒక గుడ్డలో చుట్టి ముడివేయవచ్చు.

24వ తేదీ రాత్రికి పని ముగియకపోతే?

కంగారుగా కుట్టి పాడుచేయవద్దు. జనవరి 1 ఆరాధన ఉంది, జనవరి 6న జ్ఞానుల పండుగ ఉంది, తెలుగువారికి ఆ తరువాత సంక్రాంతి ఎలాగూ ఉంది. సగం కుట్టిన దానిని చూపించి "మెడ దగ్గర ఇంకా మిగిలింది వదినా, కొలత చూసుకుందువు గాని రా" అంటే ఆమె సంతోషంగానే నిలబడి కొలత ఇస్తుంది. పూర్తయినవాటిని చుట్టి కట్టే ముందు మాత్రం మీ గుండుసూదుల డబ్బాను తెరిచి లెక్కపెట్టండి. నేను యాభైతో మొదలుపెడతాను. నలభైతొమ్మిది ఉంటే ఆ రాత్రి ఏ కానుకా ఇల్లు దాటదు, బొంతను మళ్లీ చాపమీద పరిచి చేత్తో అంగుళం అంగుళం తడిమి వెతుకుతాను.